ఫోను పట్టుకున్న చేతిని చూడండి



2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతటా ఐఫోన్లను ఆపేసింది. ‘జ్ఞ’ అనే సంయుక్తాక్షరం, దాని వెనక కంటికి కనబడని ఒక గుర్తు, ఆ వెనక దీర్ఘం. ఈ వరుసలో కూర్చిన అక్షరాన్ని ఎవరైనా సందేశంలో పంపితే, అందుకున్నవాళ్ల ఫోనులో ఆ యాప్ మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూతపడేది. నోటిఫికేషన్‌గా వస్తే ఒక్కోసారి ఫోనే స్తంభించేది. అదే నెల 19న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 అనే అప్‌డేట్ విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. అక్షరాలను తెర మీద గీసే ప్రోగ్రాంలో ఉన్న లోపం అది. ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. మన అక్షరాలు ఒకదాని కింద ఒకటి చేరతాయి, ఒత్తులుగా మారతాయి, పక్కనున్నదాన్ని బట్టి ఆకారం మార్చుకుంటాయి. ఆ కూర్పును లెక్కగట్టే చోట యంత్రం తడబడింది.

ఇంజనీరింగ్ కళాశాలలో మొబైల్ యాప్‌ల తయారీ పాఠం చెప్పే పని నాది. కోర్సు మొదట్లోనే ఈ సంగతి చెబుతాను. విన్న పిల్లల ముఖాల్లో మొదట ఆశ్చర్యం, తరువాత ఒక రకమైన ఉత్సాహం కనబడతాయి. అంత పెద్ద సంస్థకు చిక్కని సంగతి తమ ఇంట్లో రోజూ మాట్లాడే భాషలో ఉందని వాళ్లకు అప్పుడే తోస్తుంది. నేను ఈ రోజు మీతో చెప్పదలచుకున్నది కూడా దాని గురించే. యాప్ తయారు చేయడం నేర్చుకునే విద్యార్థి ముందుగా ఫోను పట్టుకున్న మనిషిని చూడడం నేర్చుకోవాలి. ఆ చూపును నేర్పడానికి విశ్వవిద్యాలయాన్ని మించిన చోటు లేదని నా గట్టి నమ్మకం. ఎందుకో చెబుతాను.

ఈ చదువుకు వయసు తక్కువ. ఐఫోను 2007లో వచ్చింది. 2008 జూలై 10న ఆపిల్ యాప్ స్టోర్ 500 యాప్‌లతో తెరుచుకుంది. అదే ఏడాది అక్టోబరులో తొలి ఆండ్రాయిడ్ ఫోను అమ్మకానికి వచ్చింది. ఆ శరదృతువులోనే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఐఫోను యాప్‌ల తయారీ మీద ఒక కోర్సు పెట్టింది. దాని సంఖ్య సీఎస్ 193పీ. పాఠం చెప్పినవాళ్లు ఆపిల్‌లో పనిచేస్తున్న ఇంజనీర్లు. 2009 వసంతంలో ఆ పాఠాల వీడియోలను ఎవరైనా ఉచితంగా చూసుకునేలా పెడితే, ఏడు వారాల్లో పది లక్షల డౌన్‌లోడ్‌లు దాటాయి. స్టాన్‌ఫర్డ్ గడప తొక్కని ఎందరో ఆ పాఠాలతో ఈ విద్యలోకి వచ్చారు. కొత్త విద్య పుట్టిన ఏడాదిలోనే దాన్ని తరగతి గదిలోకి తెచ్చి, అక్కడినుంచి అందరికీ పంచిన ఆ పనికి నేను ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతాను.

అయితే ఈ విద్యకు ఒక కష్టం ఉంది. పనిముట్లు నిలవవు. మొదట్లో ఆండ్రాయిడ్ యాప్‌లను ఎక్లిప్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో, జావా భాషలో రాసేవాళ్లు. 2014 డిసెంబరులో ఆండ్రాయిడ్ స్టూడియో తొలి పూర్తి విడుదల వచ్చి ఎక్లిప్స్‌ను పక్కకు జరిపింది. 2017 మేలో గూగుల్ కోట్లిన్ భాషకు అధికారిక మద్దతు ప్రకటించింది. రెండేళ్లు తిరిగేసరికి కోట్లిన్‌కే మొదటి పీట అని చెప్పింది. తెర మీద బటన్లు, పెట్టెలు అమర్చే పద్ధతి 2021 జూలైలో జెట్‌ప్యాక్ కంపోజ్ రాకతో మారిపోయింది. ఐఫోను వైపు 2014లో స్విఫ్ట్ వచ్చింది. రెండు రకాల ఫోన్లకూ ఒకేసారి రాయొచ్చంటూ 2015లో రియాక్ట్ నేటివ్, 2018 చివర్లో ఫ్లటర్ వచ్చాయి. సిలబస్ ఒకసారి అచ్చయితే కొన్నేళ్లపాటు అదే నడుస్తుంది. మొదటి సంవత్సరంలో చేరిన విద్యార్థి నాలుగో సంవత్సరానికి వచ్చేలోపు పనిముట్టు మారిపోవచ్చు.

అందుకని సిలబస్ రాసేవాళ్లను తప్పుపట్టను. ఏ పనిముట్టు పేరు రాసినా అది పాతబడేదే. పనిముట్టు మారినా మారని విషయాలు ఏవో ఏరుకుని, వాటి మీదే ఎక్కువ కాలం ఖర్చుపెట్టాలి. అలాంటి విషయం ఒకదాన్ని మీ ముందు కాస్త విడమరిచి పెడతాను.

ఆండ్రాయిడ్‌లో తెర మీద కనిపించే పేజీని యాక్టివిటీ అంటారు. అది పుడుతుంది, కంటికి కనబడుతుంది, వాడకంలోకి వస్తుంది, పక్కకు జరుగుతుంది, మరుగవుతుంది, పోతుంది. ఈ దశలకు ఆన్‌క్రియేట్, ఆన్‌స్టార్ట్, ఆన్‌రెజ్యూమ్, ఆన్‌పాజ్, ఆన్‌స్టాప్, ఆన్‌డిస్ట్రాయ్ అని పేర్లు. మన పరీక్షల్లో ఇది తరచూ వచ్చే ప్రశ్న. బొమ్మ గీసి, బాణాలు వేసి, పేర్లు రాస్తే మార్కులు పడతాయి. దాదాపు అందరూ చక్కగా రాస్తారు కూడా.

ఇప్పుడు ఒక తల్లిని ఊహించుకోండి. కూతురి స్కాలర్‌షిప్ కోసం ఫోనులో దరఖాస్తు నింపుతోంది. పేరు, ఊరు, బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్, అన్నీ పాసుపుస్తకం చూసుకుంటూ ఒక్కో అంకే కొట్టింది. చివర ఓటీపీ అడిగింది. ఓటీపీ చూసుకోవడానికి మెసేజుల్లోకి వెళ్లింది. ఆమెది మెమరీ తక్కువున్న ఫోను. తెర మీద లేని యాప్‌ను ఆ ఫోను జాగా కోసం మూసేసింది. ఆరంకెలూ గుర్తుపెట్టుకుని తిరిగివచ్చేసరికి ఎదురుగా ఖాళీ ఫారం. ఆమె ఏమనుకుంటుంది? తానే ఏదో తప్పు నొక్కాననుకుంటుంది. ఇంకోసారి నింపుతుంది. ఇంకోసారి అలాగే అయితే ఫోను పక్కన పెట్టి, రేపు ఎవరినైనా అడగాలి అనుకుంటుంది. గడువు ఆ రేపటికి ఉంటుందో లేదో.

ఆమె ఏ తప్పూ చేయలేదు. యాప్ మరుగయ్యే ముందు, అప్పటివరకు నింపినదాన్ని దాచిపెట్టమని రాయాల్సిన నాలుగు వరుసలు ఎవరో రాయలేదు. ఆ ఎవరో, పరీక్షలో ఆన్‌స్టాప్ గురించి బాణాలు వేసి మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే అయి ఉండొచ్చు. ఫోన్‌కాల్ వచ్చినా ఈ ప్రమాదం ఉంది. మనం జాగ్రత్తపడకపోతే, ఫోనును నిలువు నుంచి అడ్డానికి తిప్పినా ఆ పేజీ ఒకసారి పోయి మళ్లీ పుడుతుంది, దానితోపాటు అందులో దాచని సమాచారమూ పోతుంది.

అందుకే ల్యాబ్‌లో ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగుల్లో డెవలపర్ ఆప్షన్స్ అని ఉంటుంది. అందులో ‘డోంట్ కీప్ యాక్టివిటీస్’ అనే మీట నొక్కితే, పక్కకు జరిగిన ప్రతి పేజీనీ ఫోను వెంటనే మూసేస్తుంది. ఖరీదైన ఫోను కూడా మెమరీ తక్కువున్న ఫోనులా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. అలా పెట్టి, మీరు రాసిన ఫారం సగం నింపి, మెసేజుల్లోకి వెళ్లి రండి అంటాను. తమ ఫారం తమ కళ్ల ముందే ఖాళీ అయిపోతే, పిల్లలకు ఆ ఆరు పేర్లు ఇక మరిచిపోయేవి కావు. అవుట్‌పుట్ వచ్చిందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో రికార్డు మీద సంతకం పెట్టే ల్యాబ్‌లో ఇది ఎప్పటికీ బయటపడదు. యాప్ నడుస్తూనే ఉంటుంది, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఎదుట కూడా చక్కగానే నడుస్తుంది.

ఇంటర్నెట్ సంగతీ ఇలాంటిదే. కళాశాల వైఫైలో నడిచిన యాప్, ఘాట్ రోడ్డు మీద బస్సులో నడవకపోవచ్చు. సిగ్నల్ పోయినప్పుడు పనిని ఫోనులోనే దాచి, సిగ్నల్ వచ్చాక పంపడం ఒక పద్ధతి. డబ్బు పంపే బటన్‌ను భయంతో రెండుసార్లు నొక్కితే రెండుసార్లు పోకుండా చూడడం ఇంకో పద్ధతి. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. ఉన్నాయని తెలియడం వేరు, అవి ఎవరికి ఎందుకు కావాలో కళ్లారా చూడడం వేరు.

ఇక చూడడం గురించే చెబుతాను. మా కోర్సులో మొదటి రోజుల్లో పిల్లలను ల్యాప్‌టాప్ తెరవనివ్వను. చేతిలో నోటు పుస్తకంతో బస్టాండుకు, రైతుబజారుకు, మీసేవ కేంద్రానికి వెళ్లమంటాను. జనం ఫోను ఎలా పట్టుకుంటున్నారో, ఏ వేలితో నొక్కుతున్నారో, ఎక్కడ ఆగి పక్కవాళ్లను అడుగుతున్నారో రాసుకురమ్మంటాను. ఎవరి ఫోనులోకీ తొంగిచూడకూడదు, ఎవరి ఫొటో తీయకూడదు, మాట్లాడాలంటే ముందు అనుమతి అడగాలి. అవి మా నియమాలు.

ఈ ఆలోచన నా సొంతం కాదు. స్టీవెన్ హూబర్ అనే డిజైనర్ వీధుల్లో, విమానాశ్రయాల్లో, బస్సుల్లో, రైళ్లలో తిరుగుతూ 1,333 మందిని గమనించి, ఆ వివరాలు 2013లో ప్రచురించారు. ఫోను తెరను తాకుతూ వాడుతున్నవాళ్లలో 49 శాతం మంది ఒంటిచేత్తోనే వాడుతున్నారని ఆయన చూశారు. ఒంటిచేత్తో పట్టుకుంటే బొటనవేలే అన్ని పనులూ చేయాలి. ఆ వేలికి తెర పైమూలలు దూరం. మరి మనం ముఖ్యమైన బటన్లను ఎక్కడ పెడుతున్నాం? దీనికి ఇంకా వెనక ఒక శాస్త్రం ఉంది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లో ఒక సూత్రం చెప్పారు. చెయ్యి ఒక గురిని చేరడానికి పట్టే సమయం ఆ గురి ఎంత దూరంలో ఉంది, ఎంత పెద్దగా ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. అప్పటికి తెరను తాకి వాడే ఫోను లేదు. ఈ రోజు ఆండ్రాయిడ్ బటన్ కనీసం 48 డీపీ ఉండాలని, అంటే తెర మీద సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలని గూగుల్ చెబుతున్న నియమం వెనక ఆ సూత్రమే పనిచేస్తోంది. నియమాన్ని బట్టీపట్టిన విద్యార్థికి అది ఒక అంకె. నాట్లు వేసి మొద్దుబారిన వేలు తెర మీద ఒక చిన్న గుర్తును వెతుక్కోవడం చూసి వచ్చిన విద్యార్థికి ఆ 9 మిల్లీమీటర్లు ఎందుకో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

పిల్లలు రాసుకొచ్చే సంగతులు నన్నూ మారుస్తాయి. ఫోనులో అక్షరాల సైజు బాగా పెంచుకున్న పెద్దవాళ్లు చాలామంది ఉంటారని వాళ్లు గమనించారు. అలా పెంచితే కొన్ని యాప్‌లలో బటన్ మీది మాట సగం తెగిపోతుంది, ఇంకొన్నింటిలో అక్షరం అసలు పెరగదు. ఆండ్రాయిడ్‌లో అక్షరాల కొలతకు ఎస్‌పీ అని ఒక ప్రమాణం ఉంది. దాన్ని వాడితే వినియోగదారు పెంచుకున్న సైజు ప్రకారం అక్షరం పెరుగుతుంది. దాని బదులు డీపీ వాడితే పెరగదు. కోడ్‌లో ఒక్క అక్షరం తేడా. నేను ఏళ్ల తరబడి ఈ తేడాను ఒక నిర్వచనంగా చెప్పాను. కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి ఫోనును దూరం పెట్టి చదవబోయిన మనిషి గురించి ఒక అమ్మాయి తరగతిలో చెప్పాక, ఇప్పుడు అక్కడినుంచే మొదలుపెడుతున్నాను.

మన దేశంలో ఈ దారిలో ఒక విశ్వవిద్యాలయం చేసిన పని గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ముంబయి ఐఐటీలో ఐడీసీ అనే డిజైన్ పాఠశాల ఉంది. అక్కడ ఆచార్యుడు అనిరుద్ధ జోషి, ఆయన బృందం భారతీయ భాషల కోసం స్వరచక్ర అనే కీబోర్డు యాప్ చేశారు. తెలుగులోనూ వచ్చింది. అందులో ‘క’ మీద వేలు పెడితే, దాని చుట్టూ చక్రంలా కా, కి, కీ, కు, కూ విచ్చుకుంటాయి. వేలు తీయకుండా కావలసిన వైపు జరిపితే ఆ అక్షరం పడుతుంది. పలకా బలపం పట్టిన ప్రతి మనిషికీ గుణింతం తెలుసు. కొత్తగా నేర్పాల్సింది ఏదీ లేకుండా, అప్పటికే మనిషి తలలో ఉన్నదాన్ని వేలి కిందికి తెచ్చారు. ఇంగ్లీషు టైపురైటరు అమరికలోకి తెలుగును కుదించే బదులు, మన వర్ణమాల అల్లికను బట్టి మీటలను పేర్చారు. డిజైన్ అంటే రంగులు, గుండ్రని మూలలు అనుకునే విద్యార్థికి ఈ కీబోర్డు చూపిస్తాను. రంగుల గురించి అడగరు ఆ తరువాత.

బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ సంస్థలో ఇంద్రాణి మేధి చేసిన పని కూడా ఈ కోవదే. చదువు అంతగా రాని, ఇళ్లలో పనిచేసే మహిళల కోసం, అక్షరాలు లేకుండా బొమ్మలతో, గొంతుతో నడిచే తెరల మీద ఆమె పరిశోధన చేశారు. ఆ మహిళలతో కూర్చుని, వాళ్లు ఏ బొమ్మను ఎలా అర్థం చేసుకుంటున్నారో అడిగి తెలుసుకుంటూ ఆ తెరలను దిద్దుకుంటూ వెళ్లారు.

మళ్లీ మన లిపి దగ్గరికి వస్తాను, ఎందుకంటే మన విద్యార్థులకు ఇది సొంత పొలం. కంప్యూటర్లలో అక్షరాలకు వాడే యూనికోడ్ ప్రమాణంలో తెలుగు 1991 నుంచే ఉంది. అయినా తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు బదులు ఖాళీ డబ్బాలు కనిపించిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు మిగిలినవి కంటికి అంత సులభంగా కనబడని చిక్కులు. లక్ష్మి అనే పేరు తీసుకోండి. చదివేవాళ్లకు అందులో రెండు అక్షరాలు. ఫోనుకు ఏడు. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. పేరు పది అక్షరాలు దాటకూడదని ఎవరైనా కోడ్‌లో రాస్తే, కంటికి రెండే అక్షరాలున్న ఈ పేరుతోనే ఏడు అయిపోతాయి. ఇంటిపేరు తగిలించగానే గిరి దాటిపోతుంది. పేరులోని మొదటి అక్షరాన్ని ఒక గుండ్రని బిళ్ల మీద చూపించే యాప్‌లు ఉంటాయి కదా. క్రాంతి అనే అబ్బాయికి ఆ బిళ్ల మీద ‘క’ అని పడితే, అది అతని పేరులోని మొదటి అక్షరమేనా? ‘క్రా’ అని పడాలి. అలా పడేలా చేయడానికి పద్ధతులు ఉన్నాయి. పొల్లునూ ఒత్తునూ గుణింతాన్నీ కలిపి ఒక్క అక్షరంగా లెక్కించే సదుపాయాలు నేటి ప్రోగ్రామింగ్ భాషల్లో సిద్ధంగా ఉన్నాయి. కావాల్సిందల్లా, అవి కావాలని అడిగే మనిషి.

ఇంకొకటి. ఎస్సెమ్మెస్ ఒక్కటి ఇంగ్లీషులో 160 అక్షరాలు పడుతుంది. తెలుగులో 70 మాత్రమే, అదీ ఫోను లెక్కలో. రైతుకు వాన కబురు పంపే యాప్ చేయబోయే విద్యార్థి ఈ లెక్క ముందే వేసుకోవాలి. ‘స్త్రీ’ లాంటి అక్షరాల కింది ఒత్తులు గీతలో తెగిపోకుండా, వరుసకూ వరుసకూ మధ్య ఇంగ్లీషుకంటే ఎక్కువ ఎడం వదలాలి. యాప్‌లోని మాటలను కోడ్‌లో కలిపేయకుండా విడిగా ఒక ఫైలులో రాసి, తెలుగుకు ‘టీ ఈ’ అనే గుర్తుతో ఇంకో ఫోల్డరు పెడితే, ఫోను భాష తెలుగు అయినప్పుడు యాప్ తనంతట తానే తెలుగులోకి మారుతుంది. తరగతిలో అరగంట పాఠం ఇది. మా కోర్సులో తెలుగు లేని యాప్‌కు పూర్తి మార్కులు లేవు.

వ్యక్తిగత సమాచారం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, కెమెరా, మైకు, కాంటాక్టుల వంటివి వాడుకోవాలంటే యాప్ ఆ క్షణంలో అనుమతి అడగాలి. విద్యార్థుల యాప్‌లు అవసరం లేని అనుమతులు అడుగుతుంటే ప్రతి ఒక్కదాని పక్కనా ఎందుకో రాయమంటాను. రాయలేకపోతే తీసేయాలి. 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి కోరే నోటీసును ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో చదువుకునే వీలు కల్పించాలి. అందులో తెలుగు ఉంది. అంటే, సామాన్యుడికి అర్థమయ్యే తెలుగులో సమ్మతి పత్రం రాయడం కూడా ఇక ఈ వృత్తిలో భాగం.

ఇప్పుడు కొంచెం బాధతో ఒక మాట. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును డబ్బు ఇచ్చి తయారుగా తెచ్చుకునే అలవాటు మన దగ్గర ఉంది. కోడు, రిపోర్టు, వైవాలో చెప్పాల్సిన జవాబులు, అన్నీ కలిపి అమ్ముతారు. అలా తెచ్చే పిల్లలను తిట్టడం నాకు ఇష్టం లేదు. వాళ్లలో చాలామంది ప్లేస్‌మెంట్ల ఒత్తిడిలో, బ్యాక్‌లాగుల భయంలో ఉంటారు. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. అడిగితే నిమిషాల్లో లాగిన్ పేజీ రాసిస్తుంది. కోడ్ కొనుక్కోవాల్సిన పని కూడా పోతోంది. కాబట్టి పరీక్షించే మేమే మారాలి. కోడ్ రాశావా అని అడిగితే ఆ జవాబుతో నాకు ఇక పెద్దగా తెలిసేదేమీ లేదు. వైవాలో నేను వేసే ప్రశ్నలు వేరు. ఈ యాప్‌ను ఎవరు వాడారు? వాళ్లు ఎక్కడ ఆగిపోయారు? ఆ తరువాత నువ్వు ఏం మార్చావు? మార్చకముందు తెర ఎలా ఉండేదో చూపించు. ఈ జవాబులు ఎవరూ అమ్మలేరు. డబ్బు లేని విద్యార్థి కూడా ఈ జవాబులు సంపాదించుకోగలడు.

దానికి ఎక్కువమంది అక్కర్లేదు కూడా. జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లో రాసిన ఒక వ్యాసంలో, ఐదుగురితో పరీక్షిస్తే చాలు, వాడకంలోని చిక్కుల్లో ఎక్కువ భాగం బయటపడతాయని లెక్క చూపించారు. ఆ లెక్క మీద తరువాత వాదనలు జరిగాయి. అయినా ఐదుగురు దొరకని ఇల్లు, హాస్టలు, వీధి ఎక్కడా ఉండవు. దసరాకో సంక్రాంతికో ఊరెళ్లే విద్యార్థి చేతిలో పూర్తికాని యాప్ ఉండాలని నేను పట్టుబడతాను. అసలు యాప్ కూడా లేకపోయినా ఫరవాలేదు. తెల్లకాగితాల మీద తెరలు గీసుకెళ్లినా చాలు. అమ్మమ్మ కాగితం మీద వేలు పెట్టి నొక్కగానే తరువాతి కాగితం ముందు పెట్టడమే. కోడ్ ఒక్క వరుస రాయకముందే తప్పు తెలిసిపోతుంది. అప్పుడు దిద్దుకోవడానికి అయ్యే ఖర్చు ఒక కాగితం. సాఫ్ట్‌వేర్ సంస్థల్లో గడువుల మధ్య పనిచేసేవాళ్లకు ఇంత తీరిక దొరకదు. పల్లెనుంచి వచ్చి నగరంలో చదువుకుంటూ, రెండు లోకాలూ తెలిసిన మన విద్యార్థికి దొరుకుతుంది.

పల్లె అంటే గుర్తొచ్చింది. మంచి ల్యాప్‌టాప్ లేదని వెనక్కి తగ్గే పిల్లలు ఉన్నారు. ఆండ్రాయిడ్ స్టూడియోకు కనీసం 8 జీబీ ర్యామ్ కావాలి, కంప్యూటర్ తెర మీదే ఫోనును అనుకరించి చూపే ఎమ్యులేటర్ నడిస్తే అదీ చాలదు. అలాంటప్పుడు ఎమ్యులేటర్ జోలికి వెళ్లకుండా, సొంత ఫోనునే యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి అందులో నడిపించుకోవచ్చు. అసలు ఫోనులో చూడడమే మేలు కూడా. అదీ కుదరకపోతే బ్రౌజర్‌లోనే ముక్కలు పేర్చి యాప్ చేసే ఎంఐటీ యాప్ ఇన్వెంటర్ ఉంది. గూగుల్‌లో హాల్ ఏబెల్సన్ ఆధ్వర్యంలో మొదలై, తరువాత ఎంఐటీ విద్యాసంస్థకు చేరిన ఉచిత సాధనం అది. దాన్ని పిల్లల ఆట అని తీసిపారేయకండి. ఐఫోను యాప్‌లకు మాత్రం మ్యాక్ కంప్యూటరు కావాలి, స్టోర్‌లో పెట్టడానికి ఏడాదికి 99 డాలర్లు కట్టాలి. మొదటి అడుగు ఆండ్రాయిడ్‌తో వేయడమే మనవాళ్లకు అందుబాటులో ఉన్న దారి.

గూగుల్ ప్లేలో యాప్ పెట్టాలంటే ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. అయితే 2023 నవంబరు తరువాత కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లకు ఒక షరతు ఉంది. యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు కొద్దిమందితో పరీక్షించాలి. మొదట ఇరవై మంది అన్నారు, తరువాత పన్నెండుకు తగ్గించారు. ఆ పన్నెండు మంది వరుసగా 14 రోజులు పరీక్షలో ఉండాలి. పిల్లలు దీన్ని ఒక తలనొప్పిగా చూస్తారు. క్లాసులో పక్క బెంచీవాళ్ల ఈమెయిళ్లు పన్నెండు పోగుచేసి గండం గట్టెక్కుదామనుకుంటారు. నేను ఒప్పుకోను. ఆ పన్నెండు మందిలో సగం మందైనా ఇంజనీరింగ్ చదవనివాళ్లు ఉండాలంటాను.

ఇక్కడే శ్రోతలైన మీతో నాకు పని ఉంది. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఈ చదువు చదివే అబ్బాయో అమ్మాయో ఉంటే, ఎప్పుడో ఒకరోజు మీ దగ్గరికి వచ్చి, బాబాయ్ గారూ, ఇది ఒకసారి వాడి చూడండి అంటారు. అప్పుడు బాగుంది అని చెప్పి పంపేయకండి. ఆ మాట వాళ్లకు ఏ విధంగానూ ఉపయోగపడదు. మీరు ఫోను ఎలా పట్టుకుంటారో అలాగే పట్టుకోండి. అక్షరం సైజు మీరు పెట్టుకున్నదే ఉంచండి. వాళ్లు పక్కనుంచి ఇక్కడ నొక్కండి, అక్కడ నొక్కండి అని చెప్పబోతే ఆపండి. మీ మనసులో అనుకునేదంతా పైకి చెబుతూ వాడండి. ఇది ఏమిటో తెలియడం లేదు, ఈ మాట ఎవరూ అనరు, ఇది నొక్కితే డబ్బులు పోతాయేమోనని భయంగా ఉంది. ఇలా ఏది తోస్తే అది. మధ్యలో ఫోను వస్తే మాట్లాడి రండి. తిరిగివచ్చాక మీరు నింపినవి అక్కడే ఉన్నాయా లేదా చెప్పండి. పద్నాలుగు రోజుల్లో నాలుగైదు సార్లయినా తెరవండి, చిరాకు వచ్చిన చోటు ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. ఆ చీటీని వాళ్లు రికార్డులో అంటించుకుని వస్తే, నా వరకు నేను దానికి మార్కులు వేస్తాను.